పాళెం ఉంది, ఊరు లేదు: టోల్కీన్ ఓర్కుల సమాజం – ఒక పరిశీలన

ఆంగ్ల కాల్పనిక సాహిత్యంతో తులనాత్మక పరిశీలనకు పూనుకొనే మన విద్యార్థులు తరచుగా ఒక సమీకరణంతో బయలుదేరుతారు. టోల్కీన్ ఓర్కులు మన రాక్షసులే, పేరు మాత్రమే వేరు అన్నది ఆ సమీకరణం. రెండు జాతులూ యుద్ధప్రియమైనవి, రెండూ నరమాంసానికి వెనుదీయనివి, చివరకు రెండూ ఓడిపోయేవే కాబట్టి ఈ పోలిక సులభంగా తోస్తుంది. సులభంగా తోచే పోలికలను కాస్త అనుమానంతో చూడటం మంచిది. ఓర్కుల సమాజాన్ని, సంస్కృతిని గ్రంథాల ఆధారంగా పరిశీలించి ఈ సమీకరణం ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ పరిశీలనలో రాష్ట్రేతర తెలుగువారిని నేరుగా తాకే అంశం కూడా ఒకటుంది. అది భాషకు సంబంధించినది.

పేరు, పుట్టుక

జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892-1973) వృత్తిరీత్యా ప్రాచీనాంగ్ల పండితుడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడుగా ఉంటూ 1936లో 'బేయోవుల్ఫ్' కావ్యంపై ఇచ్చిన ఉపన్యాసంలో, ఆ కావ్యంలోని భూతాలను చిన్నపిల్లల వ్యవహారంగా తీసిపారేయకూడదని, కావ్యానికి అవే కేంద్రమని వాదించాడు. ఆ కావ్యంలోనే కయీను సంతతిగా చెప్పిన దుష్టశక్తుల పట్టికలో 'ఓర్క్' అన్న ధాతువు గల పదం కనిపిస్తుంది. ప్రాచీనాంగ్లంలో దానికి భూతమని అర్థం. టోల్కీన్ ఆ మాటను తీసుకొని ఒక జాతికి పేరుగా పెట్టాడు. 1937 నాటి 'ది హాబిట్'లో వీళ్ళు ఎక్కువగా గాబ్లిన్లన్న పేరుతో వస్తారు. 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఓర్కులన్న పేరు స్థిరపడింది.

వీళ్ళ పుట్టుక విషయంలో రచయిత ఒక నిర్ణయానికి రాలేకపోయాడు. ఆయన మరణానంతరం కుమారుడు క్రిస్టఫర్ పరిష్కరించి 1977లో ప్రచురించిన 'ది సిల్మరిలియన్' ప్రకారం, మొదటి దుష్టశక్తి మోర్గోత్ ఎల్ఫ్ జాతివారిని బంధించి, చిత్రహింసలు పెట్టి, వికృతపరచి ఓర్కులను తయారుచేశాడు. 1993లో వెలువడిన 'మోర్గోత్స్ రింగ్' అనే సంపుటంలో రచయిత చివరి కాలపు ఆలోచనలున్నాయి. వాటిలో ఓర్కులు మనుషుల నుంచి పుట్టి ఉండవచ్చునని ఒకచోట, మాటలు నేర్పిన జంతువులై ఉండవచ్చునని మరొకచోట ఉంది.

ఈ తడబాటుకు కారణం తాత్త్వికమైనది. టోల్కీన్ విశ్వాసపరుడైన కాథలిక్కు. చెడు తనంతట తాను దేన్నీ సృష్టించలేదు, ఉన్నదాన్ని చెరపగలదు అంతే అన్నది ఆయన నమ్మిన సిద్ధాంతం. నవలలో ఫ్రోడో కూడా సామ్‌తో ఈ మాటే అంటాడు. కాని చెడిపోయినది ఒకప్పుడు మంచిదై ఉండాలి కదా! అలాంటప్పుడు ఓర్కుకు ఆత్మ ఉన్నట్టే. ఆత్మ ఉన్నవాణ్ణి గడ్డి కోసినట్టు కోయవచ్చునా? ఈ ప్రశ్న రచయితను చివరిదాకా వదల్లేదు. ఆయన రచనల్లో విమర్శకుడు మొదట ప్రవేశించవలసిన చోటు ఇదే అని మా అభిప్రాయం.

సమాజ నిర్మాణం

ఓర్కుల గురించి గ్రంథాల్లో అక్కడక్కడ దొరికే వివరాలను ఒకచోట చేరిస్తే కొంత సామాజిక చిత్రం ఏర్పడుతుంది. వీళ్ళు గొప్ప పనివాళ్ళు. గనులు తవ్వడంలో, సొరంగాలు వేయడంలో బాగా ఆరితేరిన మరుగుజ్జులకు మాత్రమే తీసిపోతారని 'ది హాబిట్' చెబుతుంది. కత్తులు, గొడ్డళ్ళు, పట్టకార్లు చేయగలరు. చక్రాలన్నా యంత్రాలన్నా వాళ్ళకు మోజు. ఒకేసారి ఎక్కువమందిని చంపే సాధనాలను కనిపెట్టింది వాళ్ళే కావచ్చునని కథకుడు ఎత్తిపొడుస్తాడు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధయంత్రం మీద ఆ దెబ్బ పడింది. టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో పనిచేసిన సైనికుడని గుర్తుంచుకుంటే ఈ ఎత్తిపొడుపు వెనుక ఉన్న బాధ అర్థమవుతుంది.

వాళ్ళకు వైద్యం కూడా తెలుసు. బందీ అయిన మెర్రీ నుదుటి గాయానికి ఉగ్లూక్ ఏదో నల్లటి మందు పూస్తాడు. మంట పుట్టిస్తుంది గాని గాయం మానుతుంది, మచ్చ మాత్రం మిగిలిపోతుంది. వంశక్రమం కూడా ఉంది. అజోగ్ మరుగుజ్జు రాజైన థ్రోర్‌ను చంపుతాడు. దానిపై ఏళ్ళ తరబడి యుద్ధం జరిగి అజోగ్ చస్తాడు. తర్వాత అతని కొడుకు బోల్గ్ ఐదు సేనల యుద్ధంలో ఓర్కులకు నాయకుడై వస్తాడు. తండ్రీకొడుకులున్నారంటే తల్లులూ ఉండాలి. ఓర్కు స్త్రీలు ఉండి ఉండాలని టోల్కీన్ ఒక లేఖలో ఒప్పుకున్నాడు. కథలో మాత్రం ఒక్క స్త్రీ కనిపించదు, ఒక్క పిల్లవాడూ కనిపించడు.

వర్గభేదాలూ ఉన్నాయి. పెద్ద శరీరం, బలం గల ఉరుక్‌లు పైవర్గం. చిన్నవాళ్ళను 'స్నాగా' అంటారు. వాళ్ళ భాషలో ఆ మాటకు బానిస అని అర్థం. మోర్డార్ సైన్యంలో ప్రతి ఓర్కుకూ ఒక నంబరు ఉంటుంది. నీ పేరూ నంబరూ పైవాళ్ళకు చెబుతానని ఒక ఓర్కు మరొకణ్ణి బెదిరించే ఘట్టం చివరి సంపుటంలో ఉంది. పంట మాత్రం వాళ్ళు పండించరు. సౌరాన్ సేనలకు కావలసిన తిండి నూర్నెన్ సరస్సు చుట్టూ బానిసలు సాగుచేసే పొలాల నుంచి వస్తుంది.

ఇంతకూ మనకు కనబడుతున్నదేమిటి? దండు ఉంది, అంగబలం ఉంది, ఆయుధశాల ఉంది, పై అధికారి భయం ఉంది. పొయ్యి లేదు, పొలం లేదు, పురుడు లేదు, పండుగ లేదు. పాళెం ఉంది, ఊరు లేదు. 'యుద్ధప్రియమైన జాతి' అని మనం అలవాటుగా వాడే మాటను ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఏ జాతీ ఇరవైనాలుగు గంటలూ యుద్ధం చేయదు. యుద్ధం తప్ప మరేమీ చూపకపోవడం రచయిత చేసిన ఎంపిక. ఆ జాతి స్వభావం అలాంటిదని మనం అనుకునేది ఆ ఎంపిక వల్లనే.

సొంత భాష లేనివాళ్ళు

రెండో సంపుటంలో మెర్రీ, పిప్పిన్‌లను ఎత్తుకుపోయే దండులో మూడు వర్గాలున్నాయి. ఉగ్లూక్ నాయకత్వంలో ఐసెన్‌గార్డ్ వాళ్ళు, గ్రిష్నాఖ్ నాయకత్వంలో మోర్డార్ వాళ్ళు, మోరియా గనుల నుంచి పగ తీర్చుకోవడానికి వచ్చిన ఉత్తరాదివాళ్ళు. ఒకరి భాష మరొకరికి తెలియదు. అందుకే వాళ్ళు అందరికీ తెలిసిన సామాన్యభాషలో పోట్లాడుకుంటారు, బందీలకు ఆ మాటలన్నీ అర్థమవుతాయి. మూడో సంపుటం చివర భాషల గురించిన అనుబంధంలో టోల్కీన్ దీనికి వివరణ ఇచ్చాడు. ఓర్కులకు సొంత భాష లేదని, ఇతరుల భాషల నుంచి దొరికినవి తీసుకొని తమ ఇష్టం వచ్చినట్టు చెడగొట్టుకున్నారని, ఎన్ని స్థావరాలుంటే అన్ని యాసలు ఏర్పడ్డాయని ఆ వివరణ సారాంశం.

రచయిత స్వయంగా భాషాశాస్త్రవేత్త. ఎల్ఫ్ భాషలకు ధ్వనిమార్పుల చరిత్ర, వ్యాకరణం కల్పించడానికి ఆయన జీవితమంతా వెచ్చించాడు. ఎల్ఫ్ భాష మారితే అది పరిణామం. ఓర్కు భాష మారితే అది భ్రష్టత్వం. పొరుగువారి నుంచి పదాలు తెచ్చుకోవడం, స్థలాన్ని బట్టి యాస మారడం, వేరు వేరు తెగలు కలిసినప్పుడు మూడో భాషను ఆశ్రయించడం లోకంలో ప్రతి భాషాసమాజమూ చేసే పనులే. అవే పనులకు ఇక్కడ నైతికమైన తీర్పు తగిలించారు.

హోసూరులోనో, మదురైలోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఇంట్లో మాట్లాడే తెలుగును 'కల్తీ తెలుగు' అనిపించుకున్న విద్యార్థికి ఈ అనుబంధం చదివినప్పుడు ఎక్కడో గుచ్చుకోకుండా ఉండదు. తంజావూరు, మదురై రాజాస్థానాలలో వెలసిన దక్షిణాంధ్ర సాహిత్యానికి కూడా క్షీణయుగ సాహిత్యమన్న ముద్ర చాలాకాలం తప్పలేదు. యక్షగానాన్ని, వచనాన్ని పెంచి పోషించిన కాలాన్ని క్షీణమనడంలో ఉన్న తర్కం ఓర్కు భాషను గురించిన తర్కానికి మరీ దూరమైనదేమీ కాదు. కేంద్రానికి దగ్గరగా ఉన్నది శుద్ధం, అంచున ఉన్నది భ్రష్టం అన్నదే రెండింటి సారం.

దీనికి ఎదురు ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి (1863-1940) దశాబ్దాల పాటు నివసించాడు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరలు మాట్లాడేది భాషే కాదనుకునే రోజులవి. ఆయన సవరభాషను నేర్చుకున్నాడు, దానికి వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు, సవర పిల్లలకు చదువు చెప్పించాడు. ఎవరికీ వ్యాకరణం కనిపించని చోట వ్యాకరణం చూడటం ఆయన చేసిన పని. తనకు ఇష్టమైన జాతుల భాషల విషయంలో టోల్కీన్ ఇదే పని అద్భుతంగా చేశాడు. ఓర్కుల విషయంలో చేయలేదు.

నీతి తెలుసు, అన్వయం లేదు

రెండో సంపుటం చివర షగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు దళనాయకులు నడుస్తూ మాట్లాడుకుంటారు. సామ్ చాటుగా వింటాడు. ఓర్కుల సంస్కృతిని అర్థం చేసుకోవడానికి నవల మొత్తంలో ఇంతకంటే విలువైన ఘట్టం లేదు. ఈ యుద్ధం ముగిస్తే నమ్మకమైన నలుగురిని వెంటబెట్టుకొని, పై దొరల బెడద లేని చోటుకు పోయి, దోపిడీకి వీలైన తావు చూసుకొని బతుకుదామని వాళ్ళ ఆశ. సేవ చేస్తున్న ప్రభువు పట్ల భక్తి మచ్చుకైనా లేదు, ఉన్నది భయమే. బలవంతపు చాకిరీలో నలిగిన సైనికులందరూ మాట్లాడుకునే మాటలివి.

అదే సంభాషణలో గోర్బాగ్ మరో మాట అంటాడు. స్పృహ తప్పి పడి ఉన్న తోటివాణ్ణి అతని సహచరుడు వదిలేసి పోయాడనుకొని, అది ఎల్ఫులకే తగిన నీచపు పని అని ఈసడిస్తాడు. అంటే తోటివాణ్ణి విడిచిపెట్టడం తప్పని ఓర్కుకు తెలుసు. కాసేపటికే, సాలీడు షెలోబ్ గూటిలో ప్రాణాలతో వేలాడుతున్న తమ వాడొకణ్ణి చూసీ విడిపించకుండా వచ్చిన ఉదంతాన్ని చెప్పుకొని నవ్వుకుంటారు. ఓర్కులకు మనకున్న నీతే ఉంది గాని దాన్ని తమకు అన్వయించుకోవడం చేతకాదని విమర్శకుడు టామ్ షిప్పీ ఈ ఘట్టాన్ని విశ్లేషించాడు. మంచి పరిశీలన. దానికి మేము ఒక మాట చేర్చదలచాం. నీతి తెలిసిన జీవి నేరం చేయగలదు, నేరం చేయగల జీవి పశ్చాత్తాపపడనూ గలదు. ఆ రెండో అవకాశాన్ని కథ ఏ ఓర్కుకూ ఇవ్వలేదు.

హెల్మ్స్ డీప్ యుద్ధం దీనికి నిదర్శనం. అక్కడ సారుమాన్ పక్షాన ఓర్కులతోపాటు డన్‌లాండ్ మనుషులూ పోరాడారు. ఓడిన తర్వాత ఆ మనుషులు ఆయుధాలు దించి శరణు వేడితే క్షమించి, ప్రమాణం చేయించి, ఇళ్ళకు పంపారు. చచ్చినవాళ్ళకు గోరీలు కట్టారు. ఓర్కు ఒక్కడూ ప్రాణాలతో మిగల్లేదు. శవాలను గుట్టలుగా పోశారు. ఆ రాత్రి యుద్ధంలో లెగొలాస్, గిమ్లీ ఇద్దరూ తాము నరికినవాళ్ళను లెక్కపెట్టుకుంటూ పందెం వేసుకుంటారు. గిమ్లీకి 42, లెగొలాస్‌కు 41. పాఠకుడు ఇక్కడ నవ్వుతాడు, నవ్వాలనే రచయిత ఉద్దేశం. మరోచోట, తన కాళ్ళ దగ్గర పడి చచ్చిన దక్షిణదేశపు మనిషిని చూసి, వీడి పేరేమిటో, వీడు నిజంగా చెడ్డవాడేనా, ఏ అబద్ధాలు విని ఇంత దూరం వచ్చాడో అని సామ్ మథనపడతాడు. నవలలోని గొప్ప ఘట్టాల్లో ఇది ఒకటి. ఓర్కు శవం ముందు ఎవరూ అలా ఆగరు.

రచయితకు ఈ లోటు తెలియదని చెప్పలేం. శరణు కోరిన ఓర్కును, నష్టం కలిగినా సరే, కాపాడవలసిందేనని, బందీలను హింసించకూడదని ప్రాచీన జ్ఞానులు బోధించినట్టు 'మోర్గోత్స్ రింగ్'లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొడుక్కు రాసిన లేఖల్లో, నిజజీవితంలో ఓర్కులు ఇరుపక్షాలలోనూ ఉంటారన్న భావం ప్రకటించాడు. ధర్మశాస్త్రం ఉంది. దాన్ని అమలు చేసే సన్నివేశం మాత్రం నవలలో లేదు.

ముఖకవళికల సమస్య

1958లో ఒక సినిమా కథనాన్ని విమర్శిస్తూ రాసిన లేఖలో టోల్కీన్ ఓర్కుల రూపాన్ని వర్ణించాడు. పొట్టి శరీరం, చప్పిడి ముక్కు, పాలిపోయిన పసుపు చాయ, ఏటవాలు కళ్ళు. యూరపువారి దృష్టికి అందవికారంగా కనిపించే మంగోలు రూపురేఖలకు మరింత వికృతరూపమని ఆయన పోలిక. 'యూరపువారి దృష్టికి' అన్న జాగ్రత్త ఉన్నా, పోలిక పోలికే.

ఈ విషయంలో తెలుగు పాఠకుడికి ఒక ప్రత్యేకమైన అనుకూలత ఉంది. మనలో చాలామందికి మంగోలులు మొదట పరిచయమైంది తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' నవల ద్వారా. ఆ నవలలో మంగోలులకు ఆకలి ఉంది, తల్లి ఉంది, తెగల మధ్య కక్షలున్నాయి, నాయకుడి కల ఉంది. వాళ్ళు చేసిన యుద్ధాల వెనుక కారణాలున్నాయి. యూరపు జ్ఞాపకంలో గుంపుగా మిగిలిపోయిన జాతి తెలుగు నవలలో మనుషులుగా వచ్చింది. ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టి ఎవరైనా పరిశోధన చేస్తే సార్థకమవుతుంది.

రాక్షసులతో పోలిక

ఇప్పుడు మొదటి సమీకరణానికి వద్దాం. రావణుడు పులస్త్యబ్రహ్మ మనుమడు, వేదవిదుడు. లంకలో వీధులున్నాయి, అంతఃపురాలున్నాయి. కుంభకర్ణుడు అన్నకు బుద్ధి చెప్పి, తర్వాత అన్నకోసమే చస్తాడు. విభీషణుడు పక్షం మారుతాడు. రావణుడు కూలినప్పుడు మండోదరి విలపిస్తుంది, అంత్యక్రియలు శాస్త్రోక్తంగా జరుగుతాయి. హిడింబి భీముణ్ణి వరించి ఘటోత్కచుణ్ణి కంటుంది. ప్రహ్లాదుడు దైత్యకులంలో పుట్టి పరమభాగవతుడవుతాడు. రాక్షసజాతిలోకి రావడానికి, బయటికి పోవడానికి దారులున్నాయి. కాబట్టే త్రిపురనేని రామస్వామి చౌదరి నుంచి రంగనాయకమ్మ వరకు మన ఆధునికులు పురాణాలను తిరగేసి ప్రశ్నించగలిగారు. ఎదుటిపక్షం కథ మూలంలోనే కొంత ఉంది. మన సంప్రదాయం దోషరహితమని మేము చెప్పడం లేదు. తాటక, శూర్పణఖల పట్ల జరిగినదాన్ని ఎవరూ సమర్థించనక్కరలేదు. కాని శత్రువుకు ఇల్లూ ఏడ్చే మనిషీ ఉండటం, లేకపోవడం చిన్న తేడా కాదు.

భాష సంగతి చూసినా అంతే. 1957లో మద్రాసులో తయారైన 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావు ఘటోత్కచుడి ఆశ్రమానికి ఒక ప్రత్యేకమైన తెలుగు కల్పించాడు. 'అసమదీయులు', 'తసమదీయులు' వంటి మాటలు మొదట హాస్యం కోసం పుట్టినవే అయినా నేటికీ మన వాడుకలో ఉన్నాయి. రాక్షసుల పలుకుబడి భ్రష్టమని ఎవరూ అనలేదు. జనం దాన్ని ముద్దుగా స్వీకరించారు. కనుక ఓర్కులంటే రాక్షసులన్న సమీకరణం నిలవదు. అనువాదకుడు ఓర్కును 'రాక్షసుడు' అంటే మూలంలో లేని వంశగౌరవాన్ని ఇచ్చినవాడవుతాడు. ఓర్కును ఓర్కుగానే ఉంచడం మేలు.

తర్వాతి కథ

టోల్కీన్ వదిలిన ఖాళీని తర్వాతివారు పూరించబోయారు. రష్యన్ రచయిత కిరిల్ యెస్కోవ్ 1999 నాటి నవలలో మోర్డార్‌ను విజ్ఞానం, పరిశ్రమలు గల దేశంగా చిత్రించి, మనం చదివినది గెలిచినవాళ్ళు రాసుకున్న చరిత్ర అన్నాడు. 1994లో మొదలైన 'వార్‌క్రాఫ్ట్' కంప్యూటర్ ఆటల్లో, ముఖ్యంగా 2002 నాటి మూడో భాగంలో, ఓర్కులకు పూర్వీకుల ఆరాధన, తెగల గౌరవం, త్రాల్ అనే నాయకుడు వచ్చారు. ఆ పేరుకు ఆంగ్లంలో బానిస అని అర్థం. స్నాగా అనిపించుకున్నవాడే నాయకుడైనట్టు. ఇది ముందడుగే. అయినా వాళ్ళ గౌరవమంతా యుద్ధగౌరవమే. కత్తి పట్టని ఓర్కుకు అక్కడా చోటు తక్కువే.

ఇది కథలకే పరిమితమైన విషయం కాదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగిన తర్వాత, ఉక్రెయిన్‌వాళ్ళు రష్యా సైనికులను ఓర్కులని పిలవడం పరిపాటి అయింది. ఇల్లు కూలినవాడి కోపాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని ఆ సందర్భానికి ఆ మాటే ఎందుకు అంత చక్కగా అమరిందో విమర్శకుడు గమనించాలి. పేరు అడగనక్కరలేని, శరణు కోరే అవకాశం లేని, చచ్చినా లెక్కలోకి మాత్రమే వచ్చే శత్రువుకు ఆ నవల ఒక పేరు సిద్ధం చేసి పెట్టింది.

టోల్కీన్ గొప్ప రచయిత అనడంలో మాకు సందేహం లేదు. ఓర్కుల సమస్యను చివరిదాకా మోయడం కూడా ఆ గొప్పతనంలో భాగమే. అల్పరచయిత అయితే ఆ ప్రశ్న వేసుకునేవాడే కాదు. ఆయన పరిష్కరించలేని చోటనే మన విద్యార్థికి పని ఉంది. ఏ కాల్పనిక యుద్ధజాతిని పరిశీలించినా ఈ ప్రశ్నలు వేసుకోవచ్చు. వాళ్ళకు అన్నం ఎవరు వండుతారు? పిల్లలకు మాటలు ఎవరు నేర్పుతారు? చచ్చినవాడి కోసం ఎవరు ఏడుస్తారు? జవాబు దొరక్కపోతే లోటు ఆ జాతిదా, రాసిన చేతిదా అని విచారించాలి. నీది అసలు భాషేనా అని ఎప్పుడైనా అడిగించుకున్నవాళ్ళకు ఈ విచారణ మిగతావారికంటే బాగా చేతనవుతుందని మా నమ్మకం.